పుల్ల వయసు

వరస ఎక్కడైనా తప్పితే చదివేవాళ్ళే సర్దుకోవాలి. ఈమధ్య నాకు ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ వచ్చేస్తోంది. పొద్దున్న కాఫీ తాగానో లేదో కప్పు చూసి తెలుసుకుంటున్నాను. కానీ ఈ సంగతిలో ఏం జరిగిందన్నది మాత్రం మరిచిపోలేదు. మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మిషన్ వచ్చిన రెండేళ్ళకే విశాఖపట్నం తీరు మారిపోయింది. జగదాంబ జంక్షన్లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, ఆఖరికి పూర్ణా మార్కెట్ ఎదురుగా కూడా ఆకుపచ్చ బూత్‌లు వెలిశాయి. లోపల కూర్చుంటే చివర దూది చుట్టిన పుల్ల ఒకటి ఇస్తారు. దాంతో బుగ్గ లోపల రుద్ది తిరిగివ్వాలి. బయట టీ తాగి వచ్చేలోపు మన కణాల వయసెంతో తెర మీద పడుతుంది. దాని అసలు పేరు వయోమాపిని. ఊళ్ళో ఆ పేరు పలికినవాళ్ళు లేరు. పుల్ల మిషన్ అన్నారు. అది చెప్పేది పుల్ల వయసు. పెళ్ళిసంబంధాల్లో "అబ్బాయికి ముప్ఫై నాలుగండీ, పుల్ల వయసు ఇరవై మూడే" అని గర్వంగా చెప్పుకునేవారు. సిటీ బస్సులో పెద్దవాళ్ళ సీటు ఖాళీగా ఉండిపోయేది. అందులో కూర్చోడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

ఆ మిషన్ తయారుచేసిన మనిషి మా మేడ మీద గదిలోనే అద్దెకుంటోంది. పేరు గేదెల సుప్రజ. పాలకొండ పిల్ల. రుషికొండ అవతల ఉన్న కణ విజ్ఞాన కేంద్రంలో పోస్ట్‌డాక్.

పోస్ట్‌డాక్ అంటే ఏమిటో నాకు ఆమే చెప్పింది. పీహెచ్‌డీ అయిపోతుంది, పేరు ముందు డాక్టర్ వచ్చి చేరుతుంది, ఉద్యోగం మాత్రం రాదు. వచ్చేదాకా ఇంకొకరి ల్యాబ్‌లో, ఏడాదికో కాంట్రాక్టు మీద పరిశోధన చెయ్యాలి. "వంటంతా వచ్చు మామ్మగారూ. కానీ పక్కవాళ్ళ వంటింట్లో వండాలి. వడ్డించేది వాళ్ళు," అనేది.

ఆమె పని కణాలు పెంచడం. గాజుపాత్రల్లాంటి ప్లాస్టిక్ సీసాల్లో, ఎర్రటి పోషకద్రవంలో కణాలు బతుకుతాయి. రెండు రోజులకోసారి పాత ద్రవం తీసి కొత్తది పొయ్యకపోతే చచ్చిపోతాయి. వాటికి ఆదివారం లేదు, ఉగాది లేదు. అందరికీ సెలవైన రోజున కూడా సుప్రజ స్కూటర్ గేటు దాటి వెళ్ళేది. ఇడ్లీ నిలబడి తినేది. ఎప్పుడడిగినా "నిద్ర సరిపోలేదు" అనేది. కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తెలియని నెలల్లో అసలు తినేదే కాదు.

ఆమెతో పాటు పనిచేసే షేక్ ఫిరోజ్ అని నరసరావుపేట కుర్రాడుండేవాడు. కుర్రాడంటే నలభై దగ్గర పడ్డవాడే. ఇద్దరూ మా మెట్ల మీద కూర్చుని ఫోన్లో ప్రకటనలు చదువుకునేవారు.

"కణజీవశాస్త్రం, అనుబంధ శాస్త్రాలలో పోస్ట్‌డాక్టరల్ అవకాశాలు," చదివేది సుప్రజ. "ఉత్సాహవంతులైన యువ శాస్త్రజ్ఞులు కావలెను."

"యువ అన్నాడా? అక్కడే ఆపెయ్," అనేవాడు ఫిరోజ్.

"ముప్ఫై రెండు లోపు ఉండాలి."

"చెప్పానా."

"ఆరు ప్రచురణలు. అయిదేళ్ళ అనుభవం తప్పనిసరి."

"అంటే పదో తరగతిలోనే పీహెచ్‌డీలో చేరాలి. తప్పు నీదే సుప్రజా. ఆ వయసులో తొక్కుడుబిళ్ళ ఆడుకుంటూ కూర్చున్నావు."

నవ్వుకునేవారు గానీ ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. సుప్రజ థీసిస్ పూర్తయ్యాక ఆమె గైడు విదేశానికి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన సంతకం కోసం ఏళ్ళు గడిచిపోయాయి. తీరా పట్టా చేతికొచ్చేసరికి ప్రతి ప్రకటనలోనూ వయసు అడ్డం.

"పుట్టినతేదీ చూసి నన్ను ముసలిదాన్నంటున్నారు," అందొకరోజు. "నా తేదీని కాదు, నా కణాల్ని అడగమనండి."

మిషన్ పుట్టింది ఆ కోపంలోంచి.

అది పనిచేసే విధానం కష్టమైనదేం కాదు. మన ప్రతి కణంలోనూ డీఎన్ఏ ఉంటుంది కదా. వయసు పెరిగేకొద్దీ దాని మీద మిథైల్ అనే చిన్న రసాయనపు గుర్తులు పడుతూంటాయి. స్టీలు పళ్ళెం కొత్తలో అద్దంలా ఉంటుంది. తోమగా తోమగా గీతలు పడతాయి. గీతలు చూస్తే పళ్ళెం ఎంత వాడకం చూసిందో తెలుస్తుంది. సుప్రజ మిషన్ ఆ గీతలు లెక్కపెడుతుంది. దిగులు, నిద్రలేమి, ఎండ, పొగ, అన్నీ గీతలు గీసేవే. అందుకే ఒకే రోజు పుట్టిన ఇద్దరి కణాలకి ఒకే వయసుండదు.

వాళ్ళ ల్యాబ్ పెద్ద ఓలేటి శశిభూషణ్ గారు. చెడ్డవాడు కాదు. మిషన్‌కి కావలసిన సామాను తెప్పించి ఇచ్చింది ఆయనే. "వచ్చే సంవత్సరం నేను రిటైర్ అవుతున్నానమ్మా. నా పోస్టు ఖాళీ అవుతుంది. నీ మిషన్‌ని ఢిల్లీలో ప్రభుత్వం ఒప్పుకుంటే ఇక నిన్ను కాదనేవాళ్ళుండరు. ఆ కుర్చీ నీదే," అన్నారట. ఆయన భార్య కాకినాడలో ఇంటికి సున్నాలు కూడా వేయించింది.

ఢిల్లీ వాళ్ళు మిషన్‌ని ఒప్పుకున్నారు. శాస్త్ర సంస్థలలో వయోపరిమితి ఉన్న ప్రతిచోటా ఇకమీద కణవయసునే చూడాలని ఉత్తర్వు వచ్చింది. ఆ సంవత్సరం నిజంగా బాగుండేది. పిల్లలు పుట్టి పరిశోధన మానేసిన ఆడవాళ్ళు పుల్ల వయసు పట్టుకుని మళ్ళీ వచ్చారు. నలభై దాటిన ఒకావిడ విజయనగరం నుంచి సుప్రజని చూడటానికే వచ్చి, చేతులు పట్టుకుని వదల్లేదు. సుప్రజ ఆ రోజు కూర్చుని తింది.

"ప్రతిచోటా" అన్న మాటలో రిటైర్మెంట్ కూడా ఉందని మొదట ఎవరికీ తట్టలేదు.

శశిభూషణ్ గారికి అరవై నాలుగు నిండుతుండగా ఆఫీసు వాళ్ళు పుల్ల తెచ్చి ఇచ్చారు. నలభై నాలుగు అని పడింది తెర మీద. ఆయన అది చూసి, "నా మోకాళ్ళకి ఈ సంగతి తెలిసినట్టు లేదు," అన్నారట. అందరూ నవ్వారు. సుప్రజ కూడా నవ్వింది. ఇంటికొచ్చి నాకు చెబుతూ చెబుతూ నవ్వడం మానేసింది. ఆయన రిటైర్ అవడానికి ఇంకో ఇరవై ఏళ్ళుంది.

దేశమంతా అదే జరిగింది. పాతవాళ్ళెవరూ కుర్చీ దిగలేదు. దిగడానికి వాళ్ళకి వయసు రాలేదు. కొత్త పర్మనెంట్ పోస్టులు లేవు. పోస్ట్‌డాక్ ప్రకటనలు మాత్రం వానాకాలం పురుగుల్లా పెరిగాయి. ఇన్ని పోస్ట్‌డాక్ ఖాళీలు ఎన్నడూ చూడలేదన్నాడు ఫిరోజ్. ఎవరికీ పైకి వెళ్ళే దారి లేదు కాబట్టి అందరినీ అక్కడే ఉంచుకోవచ్చు.

"వయోపరిమితి లేదు, చూశావా," అన్నాడు మెట్ల మీద. "నీ కోరిక తీరింది. ఇక చచ్చేదాకా మనం యువ శాస్త్రజ్ఞులమే."

"వెటకారం ఆపు."

"వెటకారం కాదు. నేను పోతున్నాను. భీమిలి దగ్గర రొయ్యల హేచరీలో మనిషి కావాలిట. రొయ్యపిల్లకి జబ్బుందో లేదో చూసి చెప్పాలి. రొయ్యపిల్ల నా బయోడేటా అడగదు."

అతను వెళ్ళిపోయాడు. సుప్రజ వెళ్ళలేదు. ఆ కుర్చీ తనదేనని మాట ఇచ్చారు కదా, ఏదో ఒక దారి దొరుకుతుందని ఆశ.

నేను పుల్ల పెట్టించుకున్నది ఆ రోజుల్లోనే. కాదు, ఫిరోజ్ వెళ్ళకముందేమో. ఎప్పుడైతేనేం, సుప్రజ నన్ను స్కూటర్ మీద కేంద్రానికి తీసుకెళ్ళింది. నా మతిమరుపు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలని నా గొడవ. డెబ్భై నాలుగేళ్ళదాన్ని.

"యాభై, మామ్మగారూ. సంబరపడండి," అంది సుప్రజ.

"యాభై ఏళ్ళప్పుడు మా వీధిలో అందరి ఫోన్ నంబర్లూ నోటితో చెప్పేదాన్ని. ఇప్పుడు మా ఆయన పోయింది ఏ నెలలో అంటే ఆగి ఆలోచించాల్సొస్తోంది. ఇదే యాభయ్యే తల్లీ?"

"బుగ్గలో కణాలు వేరండీ, మెదడులో..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. "మామ్మగారూ, మీకు తెలిసినవాళ్ళలో ఎవరికైనా పుల్ల వయసు అసలు వయసు కన్నా ఎక్కువ వచ్చిందా?"

నేను ఆలోచించాను. మా వీధిలో ఎవరికీ రాలేదు. చుట్టలు కాల్చే పక్కింటి సింహాద్రికి కూడా పన్నెండేళ్ళు తగ్గింది.

"అందరికీ తగ్గడం ఎలా కుదురుతుంది?" అంది తనలో తనే. ఇన్నాళ్ళూ ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. వయసు తక్కువ చెప్పే మిషన్ మీద ఫిర్యాదు చేసేవాళ్ళెవరు?

సుప్రజ అడిగితే భీమిలి నుంచి ఫిరోజ్ పుల్లలు పంపించాడు. చేపల వేటకెళ్ళేవాళ్ళవి, హేచరీ కూలీలవి, ఎండకీ ఉప్పుగాలికీ నలిగిపోయిన మనుషులవి. వాళ్ళకీ అసలు వయసు కన్నా తక్కువే వచ్చింది. అప్పుడు సుప్రజకి అర్థమైంది.

ఇక్కడ ఒక సంగతి ఉంది. ముందే చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను. గీతలు లెక్కపెట్టినంత మాత్రాన వయసు తెలియదు. తక్కెడ తనంతట తాను బరువు చెప్పదు, రెండో పళ్ళెంలో రాయి ఉండాలి. ఇన్ని గీతలుంటే ఇంత వయసు అని మిషన్‌కి ఎవరో నేర్పాలి. ఒక చివర అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తం పెట్టారు, అది సున్నా. రెండో గుర్తుకి ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి కణాలు కావాలి. బయటివాళ్ళ దగ్గర తీసుకోవాలంటే అనుమతి కమిటీ చుట్టూ నెలల తరబడి తిరగాలి. అందుకని ఆ ల్యాబుల్లో ఒక అలవాటుంది. మామూలు మనిషి కణాలు అవసరమైతే ఎదురుగా ఎవరుంటే వాళ్ళు తమ బుగ్గే గీరి ఇచ్చేస్తారు. పేపర్లో "ఆరోగ్యవంతుడైన దాత" అని రాస్తారు. అందరూ చేసేదే, ఎవరూ తప్పనుకోరు.

ఆ రోజు ఎదురుగా ఉన్నది సుప్రజే. తన కణాలే ఇచ్చింది. అప్పుడామెకి ముప్ఫై నాలుగు. మిషన్ వాటిలో గీతలు లెక్కపెట్టి, ముప్ఫై నాలుగేళ్ళంటే ఇన్ని గీతలన్నమాట అని నేర్చుకుంది.

కానీ ఆమె కణాలు ముప్ఫై నాలుగేళ్ళ మామూలు మనిషివి కావు. నిద్రలేని, నిలబడి తిన్న, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని పోస్ట్‌డాక్ కణాలు. వాటి మీద యాభై ఏళ్ళ మనిషికి ఉండాల్సినన్ని గీతలున్నాయి. ఆ రాయితో తూచినందుకే దేశంలో ప్రతివాడూ కుర్రాడైపోయాడు.

"నేను ఆరోగ్యవంతురాలిననే అనుకున్నానండీ," అంది నాతో. "అందరం అలాగే ఉంటాం కదా, అదే మామూలనుకున్నాను."

మర్నాడు శశిభూషణ్ గారి గదికి వెళ్ళింది. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారట.

"సరిదిద్దితే ఏమవుతుందో ఆలోచించావా?"

"మీరు రిటైర్ అవుతారు సార్. మీలాంటి వాళ్ళంతా అవుతారు. పోస్టులు ఖాళీ అవుతాయి."

"నా సంగతి వదిలెయ్. నీకేమవుతుంది? ఆ కుర్చీకి కణవయసు యాభై లోపు ఉండాలి. సరిదిద్దిన కొలతలో నీదెంత?"

సుప్రజ అప్పటికే చూసుకుంది. యాభై అయిదు.

"అంటే తలుపు తెరిచి, నువ్వు బయట నిలబడతావన్నమాట," అన్నారాయన. "నోరు మూసుకుని ఉంటే కనీసం నీ ఈ కాంట్రాక్టు ఉంటుంది. నీ మంచికే చెబుతున్నానమ్మా."

మంచికే చెప్పారో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం సుప్రజ మా వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. నేను చారు పెడుతున్నాను. ఉప్పు వేశానో లేదో గుర్తులేక రెండోసారి వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెప్పెయ్యనా మామ్మగారూ?"

"చెబితే నీకు ఆ కుర్చీ రాదంటున్నావు."

"చెప్పకపోయినా రాదు. చెబితే నా తర్వాత వాళ్ళకైనా వస్తుంది."

"మరి నన్నడగడం ఎందుకు?"

"ఎవరో ఒకరు వద్దంటారేమోనని."

నేను వద్దనలేదు. చారులో ఉప్పు లేదు. ఇద్దరం అలాగే తిన్నాం.

ఆమె ఢిల్లీకి రాసింది. కమిటీ వేశారు. కమిటీలో ఉన్నవాళ్ళంతా పెద్దవాళ్ళు, అంటే అసలు లెక్కలో. పుల్ల లెక్కలో ఒక్కరికీ యాభై దాటలేదు. వాళ్ళు రెండురోజులు కూర్చుని, సుప్రజని పిలిచి, చాలా గౌరవంగా మాట్లాడారు. ఇది పొరపాటు కాదన్నారు. మీటరు పొడవు ఎంతుండాలన్నది ఒకప్పుడు మనుషులు కూర్చుని ఒప్పుకున్నదే. కిలో బరువూ అంతే. కొలత అనేది ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. ఈ దేశంలో కణవయసు సుప్రజ దగ్గర మొదలైంది. కాబట్టి ఆమె కణాలే ఇకపై ప్రమాణం. దానికి ఆర్-ఒకటి అని పేరు పెట్టారు.

ఇక్కడే ఒక చిక్కొచ్చింది. మొదట తీసిన కణాలు ద్రవ నైట్రోజన్‌లో దాచినవి అయిపోవచ్చాయి. సీసాల్లో పెంచి ఎక్కువ చేద్దామంటే, పెంచేకొద్దీ కణాలు మారిపోతాయి. అందుకని ఏటా సుప్రజ బుగ్గ నుంచే కొత్తవి తీయాలి. వాటిని చూసి కొలత ఏటా సరిచూసుకోవాలి. ఇంత దేశానికి ఆమె ఒక్కతే ఆధారం.

సుప్రజకి అక్కడ ధైర్యం వచ్చింది. మొదటిసారి వాళ్ళకి ఆమెతో అవసరం పడింది.

"అయితే నన్ను పర్మనెంట్ చెయ్యండి," అంది.

ఆ కమిటీలో శశిభూషణ్ గారు కూడా ఉన్నారు. ఆయనే జవాబిచ్చారట. "అదే కుదరదమ్మా."

"ఎందుకు సార్?"

"పర్మనెంట్ అయితే నిద్రపడుతుంది. వేళకి తింటావు. ఆదివారాలు ఇంట్లో ఉంటావు. గీతలు పడటం తగ్గుతుంది. కొత్తవి పడకపోగా పాతవి చెరిగినా చెరుగుతాయి. అప్పుడు తక్కువ గీతలే ప్రమాణం అవుతాయి. నువ్వు ఒక్క సంవత్సరం సుఖంగా పడుకుంటే దేశంలో సగం మంది ప్రొఫెసర్లు ఇంటికి పోవాలి."

ప్రమాణం మారకూడదు కనుక, ప్రమాణం బతికే పరిస్థితులూ మారకూడదని తీర్మానించారు. ఆమె పోస్ట్‌డాక్‌గానే ఉండాలి. కాంట్రాక్టు ఏడాదికొకసారే ఇవ్వాలి. కణాలకి తిండి పెట్టే పని, ఆదివారాలతో సహా, ఆమె చేతే చేయించాలి. ద్రవం దానంతటదే మార్చే పరికరం ఒకటి ఆ ల్యాబ్‌కి వచ్చింది కూడా. దాన్ని వెనక్కి పంపేశారు.

ఉద్యోగం వదిలెయ్యమని నేనన్నాను. భీమిలి వచ్చెయ్యమని ఫిరోజ్ రోజూ ఫోన్ చేశాడు. ఆమె వదల్లేదు. "నేను పోతే ఇంకో పోస్ట్‌డాక్‌ని తెచ్చి కూర్చోబెడతారండీ. ఆ మనిషి మీద గీతలు సరిపోకపోతే, సరిపడా పడేదాకా చూస్తారు," అంది. తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "ఉండి పడుకుంటాను."

అలాగే చేసింది. మధ్యాహ్నం ల్యాబ్ నుంచి వచ్చి మా వరండాలో మడతమంచం మీద పడుకునేది. ఫ్యాను నేనే వేసేదాన్ని. గేటు దగ్గర ఎవరైనా గట్టిగా మాట్లాడితే వెళ్ళి కసిరేదాన్ని. పెరుగన్నం కూర్చుని తినేది. కాంట్రాక్టు సంగతి తలుచుకోకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ ఏడాది ఆమె ముఖం నాకు కొత్తగా కనిపించింది. పిల్ల నిజంగా చిన్నదని అప్పుడే తెలిసింది.

పుల్ల తీసే రోజు వచ్చింది. తీశారు. కొలత సరిచూశారు. నెల తిరక్కుండా దేశంలో చాలామంది ఒక్కసారిగా రెండు మూడేళ్ళు పెరిగారు. శశిభూషణ్ గారు నలభై నాలుగు నుంచి నలభై ఎనిమిదికి వచ్చారు. ఇంకెక్కడో ఇద్దరు ముగ్గురు వయోపరిమితి దాటి రిటైర్ కూడా అయ్యారు. మెట్ల మీద కూర్చుని ఆ వార్త చదువుతూ సుప్రజ, "ఇంకో నాలుగేళ్ళు ఇలాగే పడుకుంటే చాలు మామ్మగారూ," అంది. భీమిలి నుంచి ఫిరోజ్ రొయ్యలు పంపించాడు. నేను వేపుడు చేశాను, ఉప్పు ఒక్కసారే వేశాను.

ఆ తర్వాతి సంవత్సరం కాంట్రాక్టు పొడిగింపు ఉత్తర్వు రాలేదు.

నెల గడిచింది. రెండో నెల వచ్చింది. అడిగితే పైనుంచి రావాలన్నారు. తీసేస్తున్నారా అంటే కాదన్నారు, ఉంచుతున్నారా అంటే ఇంకా తెలియదన్నారు. పని మాత్రం ఆపవద్దన్నారు. మడతమంచం మీద సుప్రజ కళ్ళు తెరుచుకుని పడుకోవడం నేను చూశాను. పెరుగన్నం సగంలో వదిలేసి లేచిపోయేది. గదిలో అటూ ఇటూ నడిచే చప్పుడు కింద నాకు వినిపించేది. వద్దన్నా మళ్ళీ ప్రకటనలు చదవడం మొదలుపెట్టింది.

మూడో నెలలో పుల్ల తీశారు. తీసిన మర్నాడు ఉత్తర్వు వచ్చింది.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నవ్వింది సుప్రజ. "శశిభూషణ్ గారు మళ్ళీ నలభై నాలుగయ్యారండీ. చెప్పింది చెప్పినట్టు, చేసింది చేసినట్టు, రెండోసారీ అదే ఫలితం. ఇన్నేళ్ళలో నా ప్రయోగం ఒక్కటీ ఇంత బాగా కుదరలేదు." ఆ నవ్వు నేను ఎక్కువసేపు చూడలేక లోపలికి వచ్చేశాను.

ఇప్పుడది ఏటా జరుగుతోంది. పొడిగింపు ఉత్తర్వు పుల్ల తీశాకే ఇవ్వాలని నియమం పెట్టారు. ప్రమాణాన్ని కాపాడే చర్య అని దానికి పేరు. నిన్న కూడా ప్రకటన వచ్చింది, పోస్ట్‌డాక్టరల్ అవకాశాలు, వయోపరిమితి లేదు అని.

అమ్మా అనుపమా, ఇది నువ్వు టైపు చేసేటప్పుడు పేర్లు ఒకసారి సరిచూడు. ఆయన ఇంటిపేరు ఓలేటో, ఓరుగంటో నాకు గట్టిగా తెలియదు. ఫిరోజ్‌ది నరసరావుపేటో, చిలకలూరిపేటో అతన్నే ఫోన్ చేసి అడుగు. పుస్తకాల్లో అంతటా ఆర్-ఒకటి అనే ఉంటుంది, అది చూసి ఇందులో పేరు మార్చెయ్యకు. ఆ పిల్ల పేరు గేదెల సుప్రజ. అదీ నేను తప్పు రాశానేమో, మేడ మీదికి వెళ్ళి తననే అడుగు. పడుకుని ఉంటే మాత్రం లేపకు.